పదిహేడో నంబరు పిల్ల

"ఉమ్మి పరీక్ష చేసే ఉద్యోగాలు కూడా ఉంటాయా అమ్మాయ్?" అని అత్తగారు నవ్వింది. కోడలు తన నాలుగేళ్ల కూతురు చిట్టి బుగ్గలో దూది ముక్క పెట్టి గడియారం చూస్తోంది. ఆమె పనిచేసే ల్యాబ్‌లో చిన్నపిల్లల మీద పరిశోధన జరుగుతోంది. ఐదు రోజులపాటు పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి లాలాజలం తీసి, అందులో ఒత్తిడి హార్మోను ఎంతుందో చూస్తారు. సిబ్బంది పిల్లల్ని కూడా చేర్చమన్నారు. దూదితోపాటు ఒక కాగితం నింపాలి: ‘గత గంటలో ఇంట్లో ఏం జరిగింది?’

జరిగిందేమిటంటే, భర్త ఆఫీసు నుంచి వచ్చాడు. చార్జర్ కనిపించలేదు. "ఒక్క వస్తువు పెట్టిన చోట ఉండి చస్తుందా ఈ కొంపలో? రోజంతా ఏం వెలగబెడుతున్నావ్?" అని ఇల్లు అదిరేలా అరిచాడు. ఆమె కూడా రోజంతా ఉద్యోగంలోనే ఉందన్న సంగతి ఆయనకు గుర్తుండదు. చార్జర్ ఆయన బ్యాగులోనే దొరికింది. దొరికాక ఇక ఆ ఊసే లేదు. ఈలోగా చిట్టి మంచం కిందకి దూరి, కాళ్లు కూడా లోపలికి లాక్కుంది. "తండ్రంటే ఆమాత్రం భయముండాలి" అని అత్తగారు మెచ్చుకుంది. కోడలు కాగితం మీద ‘విశేషమేమీ లేదు’ అని రాసింది. పెళ్లయిన ఆరేళ్లలో అడిగినవాళ్లందరికీ, కన్నతల్లికి కూడా, ఆమె చెప్పిన మాట అదే.

రెండు వారాల తర్వాత ఆ నమూనాలు మిషన్‌లో పెట్టింది కూడా ఆమే. ఈ హార్మోను పొద్దున ఎక్కువగా ఉండి, సాయంత్రానికి దిగిపోవాలి. పదిహేడో నంబరు పిల్లకు సాయంత్రమే ఎక్కువుంది, ఐదు రోజుల్లో నాలుగు రోజులు. దిగిన ఆ ఒక్కరోజు భర్త ఊళ్లో లేడు.

పరిశోధన నడిపే డాక్టరమ్మ కాగితాలు తిరగేసి పెదవి విరిచింది. "ఇంట్లో ఏమీ లేదని తల్లి రాసింది కదా. మీ చేతిలోనే ఎక్కడో పొరపాటు జరిగుంటుంది. ఈ పిల్లని లెక్కలోంచి తీసేయండి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. చేయని తప్పులు ఇంట్లో నెత్తినేసుకున్నది చాలక, ఇక్కడ కూడానా? కానీ ఆ మంట డాక్టరమ్మ మీద నిలవలేదు. తల్లి రాసిన రెండు మాటలు నమ్మి, పిల్ల ఒంట్లో ఉన్న నిజాన్ని అవతల పారేస్తున్నారు. అరిచింది ఆయన. మెచ్చుకుంది అత్తగారు. ఏమీ లేదని రాసిచ్చింది మాత్రం తను. తను ఓర్చుకుంటే సంసారం గుట్టుగా సాగిపోతుందనుకుంది. ఓర్చుకున్నది తనొక్కతే కాదు. భయమేస్తోందని చెప్పడం కూడా రాని పసిది రోజూ సాయంత్రం ఓర్చుకుంటోంది. దాన్ని చూసి మొండిదనీ, తిండి సరిగా తినదనీ, పెంపకం సరిగా లేదనీ అందరూ తననే తిట్టారు. తనూ తలూపింది.

"నా చేతిలో పొరపాటు లేదు మేడమ్. ఆ కాగితంలో ఉంది. అది రాసింది నేనే. పదిహేడు నా కూతురు."

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. తర్వాత మెల్లిగా అడిగింది. "వచ్చే నెల రెండో విడత ఉంది. పాప నమూనాలు ఇస్తారా, మానేస్తారా?"

"ఇస్తాను మేడమ్. అప్పటికి మేమిద్దరం ఆ ఇంట్లో ఉండం."