బోర్లించిన చెంచా

ఉదయమంతా శ్మశానంలో నిలబడ్డాను. రాయి మీద అమ్మ పేరు ఉంది: ఓడిల్ ష్ట్రూబ్. కింద 1940. చదివాను. చదవడం తప్ప నాలో ఇంకేమీ జరగలేదు. నాచు పట్టిన అక్షరాలను వేలితో రుద్ది చూశాను. వేలు తడిసింది, అంతే.

యుద్ధం వస్తోందని స్ట్రాస్‌బుర్గ్ మొత్తాన్ని ఖాళీ చేయించి, మమ్మల్ని రైళ్లలో ఫ్రాన్స్‌కి ఇంకో కొసనున్న ఈ పెరిగోర్ పల్లెలకు పంపినప్పుడు నాకు నాలుగేళ్లు. ఆ చలికాలమే అమ్మ ఊపిరితిత్తుల జబ్బుతో ఇక్కడ పోయింది. తర్వాత బాంబులకు మా ఇల్లు కూలి, ఫోటో ఒక్కటీ మిగల్లేదు. నాన్నని ఎప్పుడు అడిగినా "మంచిది" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఎవరూ ఒక మొహాన్ని తయారు చేసుకోలేరు. ముప్పై ఏడేళ్లుగా నాలో అమ్మ ఉండవలసిన చోట సున్నం వేసిన గోడ ఉంది. బోర్డో వెళ్లే దారిలో నేనిక్కడ దిగింది, ఆ గోడ మీద ఒక్క గీతైనా దొరుకుతుందేమోనని. ఇక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు.

మధ్యాహ్నం చర్చి ఎదురుగా మార్సెలిన్ అనే ఆవిడ నడిపే హోటల్లోకి వెళ్లాను. ఒకటే పొడుగాటి బల్ల. వచ్చినవాళ్లంతా దాని చుట్టూ కూర్చోవాలి. ఏం కావాలని అడగరు, ఆ రోజు వండింది పెడతారు. నా ఎదురుగా టోపీ తీయకుండా కూర్చున్న ముసలి రైతును మార్సెలిన్ 'ఎలీ మామా' అని పిలిచింది.

"ఎక్కణ్ణుంచి బాబూ?" అన్నాడతను నా టై వైపు చూస్తూ.

"స్ట్రాస్‌బుర్గ్."

"ఓహో, యా-యా వాళ్లా! ముప్పై తొమ్మిదిలో మా ఊరి నిండా మీవాళ్లే. ఏమడిగినా అవుననడానికి మీ భాషలో యా, యా. మా పొయ్యి చూసి ఏడ్చారు. మా సూపు చూసి ఇంకా ఏడ్చారు."

"ఆయన్ని తిననియ్యి మామా, నీ పురాణం తర్వాత," అంది మార్సెలిన్ గిన్నె దించుతూ. "ఏమీ అనుకోకండి. ఇంట్లో ఈయన మాట వినేవాళ్లు లేరు."

"అందుకే డబ్బులిచ్చి మరీ నీకు చెప్పుకుంటున్నా."

వెల్లుల్లి సూపు. బాతు కొవ్వులో వేగిన వెల్లుల్లి, తెల్లసొన తీగలు, కాస్త వెనిగర్ పులుపు, అడుగున నానిన రొట్టె. బాగుంది. ప్రతి చెంచాకీ ఆగి, మూసిన తలుపుకి చెవి ఆనించినట్టు లోపలికి విన్నాను. చప్పుడు లేదు. జ్ఞాపకం కోసం తినేవాడికి రుచి కూడా సరిగా అందదు. చివరికి వెతకడం మానేసి, కిటికీ అవతల వాన చూస్తూ ఊరికే తిన్నాను.

తల తిప్పాను. ఎలీ మామ నా పళ్లెంలోకి చూస్తున్నాడు. నేనూ చూశాను.

నా ఎడమ చెయ్యి చెంచాను పళ్లెంలో బోర్లించింది. కుడి చెయ్యి ఎర్ర వైన్ సీసా అందుకుని, మిగిలిన సూపులో, చెంచా వీపు మునిగేదాకా పోసింది. మా వైపు ఎవరూ చేయని పని. నేనెన్నడూ చేసి ఎరగను.

"షాబ్రో!" అన్నాడు ఎలీ మామ, గొంతు తగ్గించి. "సూపులో ఇలా వైన్ పోసుకు తాగడాన్ని మేం అదే అంటాం. చెంచా కొలత చూసుకుని మరీ పోశావు. ఎవరు నేర్పార్రా నీకు?"

"తెలీదు."

"మా పొయ్యిల దగ్గర కూర్చున్న పిల్లలకే వస్తుందది. ఊఁ, ఎత్తి తాగెయ్. చెంచా ముట్టుకోకు."

పళ్లెం రెండు చేతులతో ఎత్తాను. అంచు పెదవికి తగిలే లోపు ఎడమ చేతి మీద చుర్రుమంది. దెబ్బ. వెనకే మా భాషలో, అలిసిపోయిన ఒక సన్నటి గొంతు: "దించు! మనమేమన్నా పశువులమా?"

మొహం లేదు. గొంతు, దెబ్బ, తడిసిన ఉన్ని వాసన. అంతే. ఆ గొంతులో మంచితనమేమీ లేదు. పరాయి వాళ్ల పొయ్యి దగ్గర చలికి ముడుచుకుని, తన కొడుకు కూడా వాళ్లలో కలిసిపోతున్నాడని భయపడ్డ ఆడమనిషి ఉంది. మనసు తనకు కావలసినవి కల్పించుకుంటుందని నాకు తెలుసు. కల్పించుకునేదే అయితే ముద్దు కల్పించుకునేది. దెబ్బను కాదు.

పళ్లెం దించేశాను.

"అదేంట్రా? పోసుకున్నాక వదలకూడదు."

"మా అమ్మ వద్దంటోంది."

మార్సెలిన్ నా బూట్లకు అంటిన శ్మశానం మట్టి వైపు చూసి, చెయ్యి తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయింది. ఎలీ మామ టోపీ తీసి పక్కన పెట్టాడు. నా పళ్లెం తన వైపు లాక్కుని, ఎత్తి, చివరి చుక్కదాకా తాగాడు.

"అయితే అమ్మ మాట వినాల్సిందే," అన్నాడు మీసం తుడుచుకుంటూ.

ఎడమ చేతిని బల్ల కిందికి తీసుకుని, ఆ మంట చల్లారిపోకుండా, కుడి చేత్తో కప్పి పట్టుకున్నాను.