నిలబెట్టిన ఫోటో

తిప్పేషుకు నోరు ఎక్కువని నల్లమాడలో నా గురించి అందరూ అంటారు. అననీ. బస్టాండు దగ్గర ఇరవై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నవాడికి నోరు లేకపోతే పని జరగదు. తల ఎత్తమంటే దించుతారు, కన్ను తెరవమంటే మూస్తారు, కార్డు మీద ముఖం తమది కానే కాదని నాతో తగువుకు దిగుతారు. అందరినీ అదిలించాల్సిందే. కానీ నల్లమ్మక్క మీద నోరు పారేసుకున్నది తలుచుకుంటే మాత్రం నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

నల్లమ్మక్కది మాకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న పల్లె. ఆమె మొగుడు ఓబులేసు గొర్రెలు కాసేవాడు. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి అతనికి మాట పడిపోయింది. కాళ్లూ చేతులూ కోలుకున్నాయి గానీ నోట్లోంచి ‘బా, బా’ అన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు. రెండేళ్ల కిందట వానల్లేక, మేత దొరక్క, ఉన్న గొర్రెలు అమ్మేద్దామని ఇంకొకడితో కలిసి కదిరి సంతకు పోయాడు. గొర్రెలు అమ్ముడుపోయాయి. తోడు వెళ్లినవాడు టీ తాగి వచ్చేసరికి ఓబులేసు అక్కడ లేడు. రైల్వేస్టేషన్ వైపు నడిచి పోతుంటే చూశామని ఎవరో అన్నారు. అంతే, మళ్లీ కనబడలేదు. ఊరి పేరు చెప్పలేడు, రాయలేడు. ముఖం చూసి ఎవరైనా గుర్తుపట్టి కబురు చేస్తే తప్ప ఆ మనిషి ఇల్లు చేరే దారి లేదు.

ఆ ముఖానికి ఉన్నది ఒక్కటే ఫోటో. ఆధార్ కార్డు బొమ్మ సంగతి చెప్పనక్కర్లేదు, అందులో ఎవరు ఎవరో దేవుడికే ఎరుక. ఈ ఫోటో మాత్రం ఓబులేసు తమ్ముడి కూతురు నందిని, వాళ్లింట్లో పిల్లకు చెవులు కుట్టించిన రోజు తన ఫోనులో తీసింది. భుజం మీద గళ్ల తువ్వాలు వేసుకుని నేరుగా చూస్తున్నాడు. ఎప్పుడో పొట్టేలు కుమ్మినందుకు ఎడమ కనుబొమ్మ రెండు ముక్కలుగా చీలి, మధ్యలో తెల్లటి గాటు. ఒక్కసారి చూసినవాడు మరిచిపోయే ముఖం కాదు. నందిని ఆ ఫోటోను తన పెద్దమ్మ నల్లమ్మక్క బటన్ ఫోనులోని మెమరీ కార్డులో వేసి ఇచ్చింది. తర్వాత నందిని ఫోను బావిలో పడి పాడైపోయింది. కాబట్టి మిగిలింది నల్లమ్మక్క కార్డులోని ఫోటో ఒక్కటే.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు, మనిషి తప్పిపోయాడని పంచే నోటీసుల మాట వెంటనే ఎత్తలేదు. ఫోను నా చేతిలో పెట్టి, అందులో మొగుడు అడ్డంగా పడుకున్నట్టు కనిపిస్తున్నాడనీ, ముందు నిలబెట్టమనీ అడిగింది. ఇప్పటి ఫోన్లు నిలువు ఫోటోను నిజంగా తిప్పవు. ‘ఇది నిలువు’ అని ఫైలులో ఒక చీటీ లాంటిది పెట్టి ఊరుకుంటాయి. ఆ చీటీ చదవడం రాని డొక్కు ఫోనులో మనిషి పక్కకు ఒరిగిపోతాడు. ఇదంతా ఆమెకేం చెప్తాను? నవ్వి, అయితే ఏమైందిలే అన్నాను. ఆమెకు నవ్వు రాలేదు.

“మా ఇండ్లల్లో చాప మీద పండబెట్టి ఫోటో తీసేది పోయినోళ్లకేనప్పా. ఈయప్ప పోలే. నిలబెట్టి ఇయ్యి.”

సరే అని కార్డును కంప్యూటర్‌లో పెట్టి, ఫోటో తిప్పి, సేవ్ కొట్టి ఇచ్చాను. ఫోనులో ఓబులేసు నిలబడ్డాడు. ఆమె కండ్లు తుడుచుకుని, అప్పుడు నోటీసుల సంగతి చెప్పింది.

పెద్ద పోస్టరు వద్దు, చేతిలో పట్టుకుని తిరిగేలా చిన్న చీటీలు కావాలంది. ఒక ఫోటో కాగితం మీద ఎనిమిది చీటీలు పట్టాలంటే ఫోటోను అడ్డంగా తిప్పి పేర్చాలి. పాస్‌పోర్టు ఫోటోలకు రోజూ చేసేదే. కింద పేరు, వయసు, ఊరు, ఫోను నెంబరు. కనుబొమ్మ మీద గాటు సంగతి కూడా రాద్దామా అని ఆమె అడిగితే, “ఫోటోలో కనపడతాండాది కదక్కా, మళ్ల రాసేదెందుకు” అన్నది నేనే. చోటు సరిపోదని నా బాధ.

ఇంకొక చిక్కు ఉంది. ఆ ఫోటో నా కంప్యూటర్‌లో ఉండడానికి ఆమె ఒప్పుకోలేదు. ఇల్లు చేరని మనిషి బొమ్మ పరాయి ఇంట్లో నిద్ర చేస్తే ఆ మనిషి కూడా పరాయి చోటే నిలిచిపోతాడని వాళ్ల నమ్మకం. నా ముందే నిలబడి, కంప్యూటర్‌లో ఫోటో ఉంచలేదని చూపించేదాకా కదిలేది కాదు. అందుకని నేరుగా కార్డులోని ఫైలునే తెరిచి, అడ్డంగా తిప్పి, సేవ్ కొట్టి, ప్రింటు తీసేవాణ్ని. ప్రింటు అయ్యాక మళ్లీ నిలువుగా తిప్పి, సేవ్ కొట్టి, కార్డు ఇచ్చేసేవాణ్ని. ఆమె ఫోనులో వేసుకుని మొగుడు నిలబడి ఉన్నాడో లేదో చూసుకుని బస్సెక్కేది. నెలకు రెండుసార్లు వచ్చేది. ఏడాదిన్నర పైగా వచ్చింది. ధర్మవరం, గుంతకల్లు, పుట్టపర్తి, ఎక్కడ జనం కూడితే అక్కడికి పోయి చీటీలు పంచేది, గోడలకు అంటించేది. నేను దుడ్లు తీసుకోలేదు. ఆ సంగతి బస్టాండులో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

ఇక్కడ దాచడానికి ఏమీ లేదు. ఫోటో ఫైలు అంటే కుక్కి కట్టిన బట్టల మూట లాంటిది. తిప్పాలంటే మూట విప్పాలి, తిప్పాక మళ్లీ కుక్కి కట్టాలి. కట్టిన ప్రతిసారీ లోపలిది కొంచెం పోతుంది. ఒకసారికి కంటికి తెలియదు. పైగా పని తొందరగా కావాలని నా కంప్యూటర్‌లో క్వాలిటీ బాగా తగ్గించి పెట్టుకున్నాను. మూట విప్పకుండానే తిప్పే సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతుంది, దాంతో తిప్పితే ఒక్క చుక్క కూడా పోదు. అదీ వద్దంటే కార్డులోనే ఒక కాపీ తీసి, ఆ కాపీని ఎన్నిసార్లు తిప్పినా అసలుదానికి ఏమీ కాదు. రెండు నిమిషాల పని. నాకు తెలియక కాదు. రెడ్ల ఇంటి పెండ్లి ఆల్బమ్ చేసేటప్పుడు అసలు ఫైళ్లు రెండుచోట్ల దాచి, కాపీల మీదే పని చేస్తాను. నల్లమ్మక్క వచ్చేసరికి కౌంటరు ముందు పదిమంది ఉంటారు, ఊరికే చేసే పని, తొందరగా పంపేద్దామని ఉండేది. అంతే కారణం. ఇంతకంటే మంచి కారణం ఒక్కటి దొరికినా బాగుండునని ఎన్నోసార్లు వెతుక్కున్నాను, దొరకలేదు.

నాకంటే ముందు ఆమే కనిపెట్టింది. ఆరో నెలలో అనుకుంటాను, చీటీ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, మనిషి చిక్కిపోతున్నట్టు ఉన్నాడే అంది. యాడనో తిండి లేక ఉన్నాడేమో, అందుకే ఇట్లా కనిపిస్తున్నాడేమో అని గొణుక్కుంది. ఇంకు తక్కువైందిలే అని పంపేశాను. ఇంకో మూడు నెలలకు మళ్లీ అదే మాట.

“ఏమప్పా తిప్పేషూ, ఈయప్ప మొగం మారిపోతాండాది. కనుబొమ్మ కలిసిపోయినట్టుండాది చూడు.”

ఆ రోజు స్కూలు పిల్లల ఐడీ కార్డుల పని నెత్తి మీద ఉంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఫోటోలో ముఖం యాడన్నా మారుతుందా, నీ కండ్లకు పొర వచ్చింది, పుట్టపర్తి ఆసుపత్రికి పోయి చూపించుకో పో అని అందరి ముందూ అరిచాను. పాపం, ఆమె నిజంగానే పోయింది. కండ్లు పరీక్ష చేయించుకుంది. కండ్లు బాగున్నాయన్నారంట. ఆ సంగతి నాకు చెప్పి, ఇంక ముఖం మాట ఎత్తలేదు. తన కండ్లు బాగున్నప్పుడు తప్పు ఎక్కడుందో అడగలేదు. నా మీద ఆమెకు అంత నమ్మకం.

పోయిన నెల నందిని స్టూడియోకి వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు పుట్టపర్తిలో ఒక లాడ్జీలో కంప్యూటర్ దగ్గర పని చేస్తోంది. కొత్త ఫోను కొనుక్కుని పాత అకౌంటులోకి పోతే, బావిలో పడ్డ ఫోనులోని ఫోటోలన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయట. పెద్దనాయన ఫోటో కూడా ఉందని, మంచి ప్రింటు తీయించుకుందామని వచ్చింది. ఫోటో తెరిచి నా ముందు పెట్టింది. అదే తువ్వాలు, అదే గోడ. కానీ ముఖం ఉంది. కనుబొమ్మ చీలి, గాటు తెల్లగా మెరుస్తోంది. పై పెదవి పక్కన పుట్టుమచ్చ కూడా ఉంది. ఆ పుట్టుమచ్చ ఉందనే నేను మరిచిపోయాను. మొన్న తీసినవాటిలో నల్లమ్మక్క మరిచిపోయిన చీటీ ఒకటి కౌంటరు మీదే ఉంటే పక్కన పెట్టి చూశాను. చీటీలో కండ్లున్న చోట రెండు నల్లటి మరకలు, నుదుటి మీద గళ్లు గళ్లు. అది ఓబులేసు కాదు. ఎవరూ కాదు.

నందిని చీటీ చూసింది, నన్ను చూసింది.

“అన్నా, ప్రతిసారీ దీన్నే తిప్పి దీని మీదే సేవ్ కొట్టినావా?”

నేను లెక్క వేసుకున్నాను. నెలకు రెండుసార్లు, వచ్చిన ప్రతిసారీ రెండుసార్లు తిప్పడం. డెబ్బై దాటింది. అవునని తలూపాను. ఆ పిల్ల కుర్చీలో కూలబడి ఏడ్చింది.

ఆ రోజే షట్టర్ దించేసి కొత్త ఫోటో పెద్దగా ప్రింటు తీశాను. కనుబొమ్మ మీద గాటు ఉందని, మాట రాదని ఈసారి లావు అక్షరాలతో రాశాను. మరుసటి రోజు నల్లమ్మక్కను, నందినిని తీసుకుని గుంతకల్లు బయలుదేరాను. ఏ రైలెక్కినా అక్కడికే వచ్చి ఉంటాడని నా ఆశ. ఫోటో చూసి నల్లమ్మక్క, “ఇదీ ఈయప్ప మొగం” అని దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎందుకు మారిందో అప్పుడే చెప్పాల్సింది. మనిషి దొరికాక చెప్పుకుందామని ఊరుకున్నాను.

స్టేషన్ బయట టీ అంగడిలో ఫోటో చూపిస్తే, దిక్కులేనివాళ్లను పెట్టుకునే ఆశ్రమం ఒకటి వెనక వీధిలో ఉందని, అక్కడ యేసన్నను అడగమని చెప్పారు. యేసన్న అరవై ఏళ్ల మనిషి. స్టేషన్లో పడి ఉన్నవాళ్లను తీసుకుపోయి అన్నం పెట్టేవాడు ఆయనే. వాకిట్లో బియ్యం ఏరుతున్నాడు. ఫోటో చేతికిస్తే వెలుగులోకి పట్టుకున్నాడు. వెంటనే మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

“ఈయప్ప ఈడనే ఉండె. ఎనిమిది నెల్లు ఉండె.”

నల్లమ్మక్క గడప దాటి లోపలికి పోబోయింది. యేసన్న చేయి అడ్డం పెట్టి ఆపాడు. ఉగాదికి ముందు జ్వరమొచ్చి పోయినాడమ్మా అని మెల్లగా చెప్పాడు. రైల్వే పోలీసులు తెచ్చి అప్పగించారట. ఆధార్‌లో ఎవరో కనుక్కుందామని వేలిముద్రలు తీయించినా అరిగిపోయి పడలేదట. పేరు తెలియక అందరూ గొర్రెలాయన అని పిలిచేవారట, గోడ మీద బొగ్గుతో ఎప్పుడూ గొర్రెలనే గీసేవాడని.

ఆమె ఏడవలేదు. ఆయన పడుకున్న చోటు చూపించమంది. పొడుగాటి గది. గోడకు ఒక అట్ట, దాని మీద తప్పిపోయినవాళ్ల కాగితాలు వరుసగా. యేసన్న స్టేషన్లో ఎక్కడ ఏ కాగితం కనిపించినా తెచ్చి అక్కడ అంటిస్తాడట, వచ్చినవాళ్లతో పోల్చి చూసుకోవడానికి. రెండో వరుసలో మా చీటీ ఉంది. ఓబులేసు మంచం సరిగ్గా దాని కింద.

యేసన్న ఆ చీటీని, నందిని చేతిలోని ఫోటోను చూశాడు. ఆయనకు అప్పుడే అర్థమైనట్టుంది.

“ఈయప్ప ఈ చీటీ మూడుసార్లు పీకి దిండు కింద పెట్టుకునె. మేము తిట్టి మల్లా అంటించినాము. ఎవురి మనిషినో వాళ్లు ఎతుక్కుంటాంటారు, పీకగూడదని చెప్పితిమి. బా బా అని ఎదురు రొమ్ము చరుచుకునె. ఈ మొగానికీ ఆయప్ప మొగానికీ యాడన్నా పోలిక ఉండాదేమో నువ్వే చూడమ్మా.”

ముఖం చూసి కాదు, భుజం మీది గళ్ల తువ్వాలు చూసి గుర్తుపట్టి ఉంటాడు ఓబులేసు. ఇంక ఊరుకోవడం నా వల్ల కాలేదు. అక్కడే, ఆ మంచం పక్కన, నల్లమ్మక్కకు అంతా చెప్పేశాను. తిప్పిన ప్రతిసారీ ముఖం కొంచెం కొంచెం పోయిందని, తప్పు నీ కండ్లది కాదు నాదని. కాపీ తీసి ఉంటే పోయేది కాదని కూడా చెప్పాను.

ఆమె అంతా విని, “కాపీ అంటే శానా పనా?” అని అడిగింది.

“లేదక్కా. రెండు నిమిషాలు.”

“అందరికీ అంతేనా నువ్వు చేసేది?”

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. పెండ్లి ఫోటోలకు కాపీ తీస్తానని చెప్పాను.

“పెండ్లోళ్లకు తీస్తివి. నా మొగునికి తీయకపోతివి.”

గొంతు పెంచలేదు. చీటీని అట్ట మీద నుంచి తీసి మడిచి రవికెలో పెట్టుకుంది. యేసన్న వైపు తిరిగి ఎక్కడ పూడ్చారో చూపించమని అడిగింది. నేనూ కదలబోతే చేత్తో ఆపింది.

“నువ్వు రావద్దు. ఈడనే ఉండు.”

కిటికీలోంచి చూస్తుండగా యేసన్న, నల్లమ్మక్క, నందిని ముగ్గురూ వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయారు. నేను ఆ ఖాళీ మంచం పక్కనే నిలబడి ఉన్నాను.