చదివినాక పెట్టే సంతకం

"రికార్డు ప్రకారం ఆ రెండేండ్లు మీ ఆయన మా మనిషి కాదమ్మా."

జహీరాబాద్ ఫ్యాక్టరీ గేటు దగ్గర, అందరూ వింటుండగా, మేనేజరు మదన్‌మోహన్ అన్న మాట ఇది. దేవమ్మ కొంగు బిగించింది గాని కదల్లేదు.

ఆమె పెనిమిటి ఈరయ్య అదే ఫ్యాక్టరీలో పద్దెనిమిదేండ్లు వెల్డింగ్ చేశాడు. కంపెనీయే అతన్ని జర్మనీలోని తన ఫ్యాక్టరీకి రెండేండ్ల పనికి పంపింది. అక్కడే, పని మీదే, గుండె ఆగి పోయాడు. శవం వచ్చింది. పింఛను రాలేదు.

"మీ మనిషి కాకుంటే ఎవ్వల మనిషి సారూ? జర్మనోళ్లను అడిగితే మీ దిక్కే చూపుతున్రు."

ఎందుకు చూపుతున్నారో యూనియన్ నాయకుడు అబ్దుల్ సమద్ గేటు ముందు కూర్చున్నవాళ్లకు విడమరిచాడు. "రెండు దేశాలు ఒప్పందం రాసుకున్నయి. పంపిన మనిషికి రెండు దిక్కుల కోత పడొద్దు. ఈడ పీఎఫ్ కడితే ఆడ మాఫీ. మంచిదే. మనోళ్లు ఏంజేసిన్రు? ఈడ కడుతున్నమని ఆడ కాగితం చూపిన్రు. ఆడ కడుతున్నరని ఈడ ఆపిన్రు. పీఎఫ్ కట్టకుంటే పింఛను యాడికెల్లి వస్తది?"

"అత్తింటోళ్లు పుట్టింట్ల తిన్నవనిరి, పుట్టింటోళ్లు అత్తింట్ల తిన్నవనిరి. పిల్ల ఉపాసం," అంది క్యాంటీన్ నాగవ్వ.

నవ్వు లేచి, వెంటనే ఆగిపోయింది. గేటు లోపల బస్సు ఇంజను ఆడుతూనే ఉంది. జర్మనీ పోవాల్సిన కొత్త జట్టు పన్నెండు మందిని సాయంత్రం విమానానికి చేర్చాలి. వాళ్లు సంచుల మీద కూర్చున్నారు. పీఎఫ్ ఆగదని రాసి చేతికిస్తేనే బస్సెక్కుతామన్నారు.

మదన్‌మోహన్ దేవమ్మను పక్కకు పిలిచి కాగితం, పెన్ను అందించాడు. "సంతకం పెట్టు. వచ్చే నెల నుంచి డబ్బులొస్తయి. వాళ్ల లొల్లి నీకెందుకు?"

ఆమె చేయి పెన్ను దాకా పోయి ఆగింది. శవం వచ్చిన నాడు కూడా ఒక కాగితం ఇచ్చారు. అప్పటికి నెల కిందటే సమద్ బిడ్డ సిద్రా దగ్గర అక్షరాలు నేర్చింది. వేలిముద్ర డబ్బీ జరిపితే వెనక్కి నెట్టి, తల ఎత్తి, చదవకుండానే పేరు రాసింది. ఈరయ్య తన ఇష్టంతో వెళ్లాడని, కంపెనీకి బాధ్యత లేదని అందులో ఉందట. వేలిముద్ర అయితే ఎవరినైనా చదివి చెప్పమనేది. సంతకం వచ్చన్న గర్వం ఆ రోజు నోరు కట్టేసింది.

కాగితం పట్టుకుని ఆమె గేటు ముందుకే వచ్చింది. వేలు పెట్టి, పైకి చదవసాగింది. "ఈ... సాయం... కంపెనీ దయతో... నాకు మాత్రమే. ఇతర కార్మికుల... తరఫున... సాక్ష్యం... చెప్పను."



"పెట్టు అక్కా," అన్నాడు సమద్ మెల్లగా. "ఇంట్ల నీ బిడ్డ మానస చదువుంది. నిన్నెవ్వరు తప్పు పట్టరు."

దేవమ్మ ప్రణయ్ వైపు చూసింది. ఆ పన్నెండు మందిలో ఒకడు, ఈరయ్య దగ్గర పని నేర్చినవాడు. పెండ్లయి ఆరు నెలలు.

"నేను పెడితే, రేపు నీ పెండ్లాం గీ గేటు కాడ్నే నిలవడ్తది బిడ్డా," అంది. కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది. "ఇది మీకియ్య సారూ. నాకు పనికొస్తది."

ప్రణయ్ లేచి బస్సు ముందుకు పోయి, చక్రాల ఎదుట సంచి పెట్టి కూర్చున్నాడు. మిగతా పదకొండు మందీ వెంట నడిచారు. క్యాంటీన్ ఆడవాళ్లు వాళ్ల చుట్టూ కూర్చున్నారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

గంటలో పోలీసులు వచ్చారు. దేవమ్మను, సమద్‌ను, ఆ పన్నెండు మందిని స్టేషనుకు తెచ్చారు. ఎస్సై ఏదో రాసి, వేలిముద్ర డబ్బీ ఆమె ముందుకు తోశాడు.

దేవమ్మ డబ్బీ మూత పెట్టింది. "సంతకం వస్తది సారూ. ముందుగాల చదువుత."

"ఎంతసేపు?"

"ఎంతసేపన్న గానీ."

ఎస్సై విసుగ్గా ప్రణయ్‌ను పిలిచాడు. "నువ్వు ఐటీఐ చదివినవ్ గద. పెట్టు."

"అక్క చదువుతది సార్. విన్నంక పెడత."

వెనక పదకొండు మందీ పెన్ను ముట్టకుండా చేతులు కట్టుకుని నిలబడ్డారు. విమానం టైము దాటింది. దేవమ్మ వేలు ఇంకా రెండో వరుస మీదే ఉంది.