ఎడమది ఆరున్నర

నా భార్య మాటను ఇంట్లో ఎవరూ లెక్కచేయలేదు. అందులో మొదటివాణ్ణి నేను.

ఆమె స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్. పద్నాలుగేళ్లు పిల్లలకు జెల్ రాసి, బుగ్గలు పూరించమని ఊపిరి బిగపట్టించి, కిడ్నీలు కొలిచింది. కొలత ఆమెది, సంతకం డాక్టరుది. ఇంటికొచ్చి ఆ చేత్తోనే అంట్లు తోమేది. నేను పేపరు చదివేవాణ్ణి.

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి పది రోజులు జ్వరం కాసింది. తగ్గిన నాలుగు నెలలకు ఆమే దాన్ని బోర్లా పడుకోబెట్టి, వీపు వైపు నుంచి మూడుసార్లు కొలిచింది. కుడిది ఎనిమిది సెంటీమీటర్లు, ఎడమది ఆరున్నర. అంచున చిన్న నొక్కు.

"జ్వరం దీని కిడ్నీని తినేసిందండీ. పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం," అంది.

రిపోర్టు అందుకున్నాను. అక్కడి కాగితాల మీద 'రెండు కిడ్నీలు మామూలుగా ఉన్నాయి' అన్న వాక్యం ముందే అచ్చయి ఉంటుంది. తేడా ఉంటే డాక్టరు కొట్టేయాలి. ఆయన చూడకుండా సంతకం పెట్టాడు. దాని కిందే ఆమె చేతిరాతలో ఆరున్నర ఉంది. పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి. నాకు అచ్చులో ఉన్నదే నిజం.

"ఇక్కడ ఏముందో చదువు," అన్నాను.

"నీకే అన్నీ తెలిస్తే ఆ సెంటర్‌కు డాక్టరెందుకే తల్లీ?" అని మా అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె వాదించలేదు. తర్వాతెప్పుడో ఒక్కసారే చెప్పింది: ఆ పూట గిన్నెలు కడుగుతూ, తన చెయ్యి ఎక్కడైనా తడబడిందా అని పదే పదే గుర్తుచేసుకుందట. బిడ్డ తనది, కన్ను తనది, చెయ్యి తనది. మాటొక్కటే ఎవరిదో అనుకుందట.

ఏడాదికి మళ్లీ జ్వరమొచ్చాకే పెద్దాసుపత్రికి వెళ్లాం. ఎడమ కిడ్నీ సగం ఎండిపోయిందన్నారు.

"తల్లివి, ముందే గమనించలేదా అమ్మా?" అని అక్కడి డాక్టరు ఆమెనే అడిగాడు. పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

ఆమె నా వైపు చూడలేదు. అప్పటినుంచి ఏ రిపోర్టూ నాకు చూపించలేదు. బిడ్డను ఆసుపత్రులకు తనే తిప్పింది. సెంటర్‌కొచ్చిన ప్రతి తల్లి చేతా కొలత రెండుసార్లు పలికించి పంపేదట. ఆమె పోయాక వాళ్లు చెబితే తెలిసింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లకు తన పొట్టలో గడ్డను తనే చూసుకుంది. తనే కొలుచుకుంది. నాలుగు నెలలు వంట చేసింది. మంచాన పడ్డాక, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీకు చెప్పడం మానేసి చాలా ఏళ్లయిందండీ," అంది.

అమ్మ నీకెందుకు చెప్పలేదు నాన్నా అని కూతురు అడుగుతూనే ఉంది. జవాబు ఇదే. రాశాను. నోటితో ఎన్నడూ చెప్పను.