కప్పిన గొంగడి

నేను ఒక గొంగడిని. నల్లగా, ముతకగా ఉంటాను. గొర్రె ఒంటి మీద ఉన్నన్నాళ్లు వాన చప్పుడు విన్నాను. మగ్గం ఎక్కాక నేతగాడి దగ్గు విన్నాను. ఆ తర్వాత ఆఫీసులో మనుషుల మాటలు విన్నాను. మొదటి రెండూ బాగుండేవి.

నన్ను నేసింది మేకలగుట్ట కురుమ ఓదెలు. ఉన్ని వడికింది అతని పెండ్లాం బీరవ్వ. చింతగింజలు నానబెట్టి, నూరి, గంజి కాచి పోగులకు పట్టించారు. ఆ వాసన ఇంట్లో చాలా రోజులుంది. అప్పటికే ఓదెలు అమ్మకానికి నేయడం మానేశాడు. సంతలో మిల్లు దుప్పట్లు రంగురంగులుగా వేలాడుతుంటే నల్ల గొంగడి వంక చూసేవాడు లేడు. చూసినవాడు ఇచ్చే ధర చింతగింజలకు కూడా సరిపోదు. అయినా నన్ను నేశాడు. దానికి కారణం ఉంది.

ఆ ఏడు మందకు నీలినాలుక రోగం వచ్చింది. గొర్రెల మూతులు వాచాయి, నాలుకలు నీలంగా తిరిగాయి. అవి మేత ముట్టక పడిపోతుంటే పశువుల దవాఖాన నుంచి డాక్టర్ హేమలత స్కూటరు మీద వచ్చింది. ఒకసారి వచ్చి పోలేదు. మంద లేచేదాకా వచ్చింది. గొర్రె నోరు తెరిచి, ఉప్పు నీళ్లతో కడిగి, తన చేత్తో గంజి తాగించింది. ఓదెలు ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. చచ్చినవి పోగా మంద నిలబడింది.

"ఈ బిడ్డకు ఏమిస్తమే?" అన్నాడు ఓదెలు.

"మన తాన ఏమున్నది, గొంగడి తప్ప," అంది బీరవ్వ.

పిల్లగొర్రెల మొదటి కత్తెర ఉన్ని మెత్తగా ఉంటుంది. దాన్ని ఏరి ఏరి నన్ను నేశాడు. నేసినంతసేపూ మాట్లాడలేదు. మామూలుగానూ మాట్లాడడు.

నన్ను మడిచి భుజాన వేసుకుని దవాఖానకు పోయాడు. డాక్టరమ్మ నన్ను చేత్తో తడిమింది. మొహం విచ్చుకుంది. వెంటనే చెయ్యి తీసేసింది.

"ఇది నేను తీసుకోవద్దు తాతా. సర్కారు కొలువు నాది. నీ గొర్రెలకు మందు పోసేదాన్ని, నీ దగ్గర ఏదీ పట్టుకోవద్దు. రూలుంది."

"గొంగడికి రూలేందమ్మా. నేనేమన్న పైసలిస్తున్ననా?"

"పైసలైనా గొంగడైనా ఒకటే తాతా. ఇవాళ నీ గొంగడి పట్టుకుంటే, రేపు గొంగడి లేనోని గొర్రెను నేను ఎట్ల చూస్తనో నాకే తెల్వదు."

 ఓదెలు నన్ను మళ్లీ భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. ఊరి మొదట్లో చాయ్ దుకాణం దగ్గర ఒకడు నవ్వాడు. "ఏందే ఓదెలన్నా, నీ గొంగడి కంపు డాక్టరమ్మకు పడలేదా?"

ఓదెలు తిన్నగా ఇంటికి నడిచాడు. నన్ను దండెం మీద వేశాడు. చలికాలం వచ్చినా తాను కప్పుకోలేదు. ఒకరి పేరున నేసిన గొంగడి ఇంకొకరు కప్పుకోరు. అది వాళ్ల ఇంటి కట్టు.

ఇక్కడ డాక్టరమ్మ పై అధికారి సంగతి చెప్పాలి. అసిస్టెంట్ డైరెక్టరు, అందరి నోటా ఏడీ, దామోదరరావు. పండగొస్తే ఆయన ఇంటికి పొట్టేలు తొడలు నడిచిపోయేవి. పాలవాళ్లు నెయ్యి పంపేవారు, కోళ్ల ఫారం వాళ్లు కోళ్లు పంపేవారు. వాటిని ఎవరూ కానుక అనలేదు. మర్యాద అన్నారు. మనుషుల దగ్గర ఒకే వస్తువుకు రెండు పేర్లుంటాయి. ఏ పేరు పెట్టాలో కుర్చీని బట్టి ఉంటుంది.

శ్రావణంలో ఒక సాయంత్రం ఓదెలు గొర్రె ఈనలేక తన్నుకుంటోంది. పిల్ల అడ్డం తిరిగింది. కబురు పోతే డాక్టరమ్మ వచ్చింది. మందలోనే, బురదలో మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి పిల్లను తిప్పి లాగింది. అప్పుడే వాన దిగింది. మామూలు వాన కాదు. పిల్ల బతికింది గాని ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. పెదాలు నల్లబడ్డాయి.

ఓదెలు ఇంట్లోకి పోయి నన్ను తెచ్చాడు. ఆమెను అడగలేదు. తల మీదినుంచి కప్పేశాడు.

"ఇప్పుడు మీ రూలు ఏమంటదమ్మా?"

"రూలుకు చలి పెట్టదు తాతా," అంది ఆమె వణుకుతూనే. బీరవ్వ నవ్వింది. ఓదెలు కూడా నవ్వాడు. అతను నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

వానలో స్కూటరు మీద ఆమె ఇంటికి పోయింది. చుక్క కూడా లోపలికి పోనివ్వలేదు నేను. అప్పటిదాకా నేను ఉన్నిని, పోగును. ఆ దారిలో గొంగడినయ్యాను.

తెల్లారి ఎండకు ఆరేసి, దులిపి, మడిచి ఓదెలు దగ్గరికి తెచ్చింది. ఓదెలు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మా దాంట్ల ఒకరి మీద కప్పిన గొంగడి బతికుండంగ వాపస్ తీస్కోరు బిడ్డా. మనిషి పోయినంకనే తీస్తరు. ఇప్పుడు నేను తీస్కుంటే నీ సావు కోరినట్టు."

"అయ్యో తాతా, నేను దీన్ని ఉంచుకోవద్దు."

"ఉంచుకోవద్దంటే పారెయ్యి. నేనైతే తీస్కోను."

 ఆమె బీరవ్వ వైపు చూసింది. బీరవ్వ కూడా తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ నన్ను స్కూటరు ముందర పెట్టుకుని తిన్నగా ఏడీ ఆఫీసుకు పోయింది. బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. ఇది తనకు ఇచ్చారని, వాపస్ తీసుకోవడం లేదని, ఏం చేయాలో చెప్పమని అడిగింది.

దామోదరరావు నన్ను రెండు వేళ్లతో ముట్టుకున్నాడు. వేళ్లు వాసన చూసుకుని రుమాలుకు తుడుచుకున్నాడు.

"గొంగడే కదమ్మా. మీ దవాఖాన బీరువాలో పడెయ్. తర్వాత చూద్దాం."

"కాగితం రాసిమ్మంటారా సార్?"

"ఇంత దానికి కాగితమెందుకు? నేను లేనా?"

చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ అటెండరు జమాల్ ఈ మాటలన్నీ విన్నాడు. ఆమె నమ్మింది. 'నేను లేనా' అన్న మనిషి ఉంటాడు, ఎక్కడికీ పోడు. ఎటువైపు ఉంటాడనేది ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

నేను బీరువాలో దూదికట్టల పక్కన ఉన్నాను. ఆమె నన్ను మళ్లీ ముట్టలేదు. చలికి చేతులు రుద్దుకుంటూ పనిచేసేది గాని బీరువా తెరిచేది కాదు.

అప్పుడు వచ్చింది చెవుల సంచి.

ఇన్సూరెన్సు చేసిన గొర్రెకు చెవికి బిళ్ల కొడతారు. గొర్రె చస్తే ఆ చెవి కోసి తెచ్చి చూపాలి. డాక్టరు చూసి, చచ్చింది నిజమేనని సంతకం చేస్తే పైసలొస్తాయి. ఒక దళారి గోనెసంచి నిండా చెవులు తెచ్చి డాక్టరమ్మ ముందర గుమ్మరించాడు. ఆమె ఒక చెవి తీసి చూసింది. కోసిన చోట నెత్తురు గడ్డకట్టి ఉంది. బతికున్న ఒంటికే నెత్తురు అట్లా వస్తుంది.

"వీటి గొర్రెలు ఎక్కడ మేస్తున్నయి?" అని అడిగింది.

దళారి పళ్లికిలించాడు. "ఏడీ సారుకు ఎరుకే మేడం. మీరు సంతకం పెట్టుండ్రి."

ఆమె పెట్టలేదు. ఏడీ ఫోను చేశాడు, పెట్టలేదు. పిలిపించాడు, పెట్టలేదు. "చెవులు లేని గొర్రెలను నాకు చూపించండి సార్, అవి చచ్చి ఉంటే సంతకం పెడతా," అంది. దామోదరరావు నవ్వాడు. నెల తిరగకుండా బీరువా తెరుచుకుంది. బయటికి వచ్చింది నేను. నా అంచుకు అట్టముక్క కట్టారు. డాక్టరు హేమలత, లబ్ధిదారుడి నుంచి విలువైన కానుక స్వీకరించిందని నేరం. కానుక చవకదైతే మందలింపుతో పోతుంది, విలువైనదైతే శిక్ష.

గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అని సామెత. అది నా కులం మీద పుట్టిన సామెతే. ఆ రోజు దాన్ని కళ్లారా చూశాను.

విచారణకు జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు. మధ్యాహ్నం ఏడీ ఇంటి నుంచి క్యారియరు వస్తే వద్దనకుండా తిన్నాడు. మూతి తుడుచుకున్నాక నన్ను బల్ల మీద పరిపించాడు.

జమాల్‌ను పిలిచారు. "ఆమె ఈ సంగతి ఏడీ గారికి ముందే చెప్పానంటోంది. నువ్వు విన్నావా?"

జమాల్ ఏడీ మొహం చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "యాదికి లేదు సార్."

ఓదెలును పిలిచారు. అతను ఉతికిన ధోతి కట్టి, రుమాలు చుట్టి వచ్చాడు. గడప బయట డాక్టరమ్మ చెప్పింది, "తాతా, జరిగింది జరిగినట్టు చెప్పు. అంతే చాలు." అతను లోపలికొచ్చి, బల్ల మీద పరిచి ఉన్న నన్ను చూసి నిటారుగా నిలబడ్డాడు. వాళ్ల కులపంచాయితీలో గొంగడి పరిచి పెద్దమనుషులు కూర్చుంటారు. పరిచిన గొంగడి ముందర అబద్ధం ఆడరు. ఇక్కడా అంతే అనుకున్నాడు.

"ఇది నువ్వే ఇచ్చావా?"

"నేనే ఇచ్చిన సార్. నా చేతులతోని నేసిన."

"ఆమె అడిగిందా?"

"అడగలే. ఇయ్యవోతె వద్దన్నది. వానల తడుస్తుంటె నేనే కప్పిన. మల్ల తెచ్చిస్తె నేనే తీస్కోలే."

అధికారి కలం ఆగింది. డాక్టరమ్మ వైపు చూశాడు. ఆ చూపులో కొంచెం మెత్తదనం ఉంది. ఆమె భుజాలు కిందికి దిగాయి. గండం గడిచిందనే నేనూ అనుకున్నాను.

అప్పుడు దామోదరరావు కుర్చీలో వెనక్కి వాలి, ఎవరితోనూ కానట్టు అన్నాడు. "దీనికింత గొడవెందుకు సార్. మహా అయితే మూడు వందలు చేస్తుంది. సంతలో ఇట్లాంటి ముతకవి కుప్పలు. పాపం, ముసలాయన ఏదో పాతది వదిలించుకున్నాడు."

ఓదెలు మెడ నరాలు లేచాయి. నాకు తెలుసు, ఆ మెడ మీదే నేను ఊరేగాను.

"మూడొందలా? ఏం మాట్లాడుతున్నరు సార్? పిల్లగొర్రెల మొదటి ఉన్ని ఇది. నా ఇంటిది ఏరి ఏరి వడికింది. మా మందను బతికిచ్చిన తల్లికి నేను పాతది ఇస్తనా, ముతకది ఇస్తనా? పదివేలు పెట్టినా గిసొంటిది మీకు దొరకది."

డాక్టరమ్మ కళ్లు మూసుకుంది.

"పది వేలు," అన్నాడు అధికారి, రాసుకుంటూ.

"సార్, సంతలో ధర అడిగితే..." అంది ఆమె.

"నేసినవాడే చెప్పాడు కదమ్మా. ఇంకెవరిని అడగమంటావు?"

ఓదెలు ఇంకా నిటారుగానే ఉన్నాడు. ఆమె మర్యాద నిలబెట్టాననుకున్నాడు. పోతూ పోతూ ఆమెకు దండం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది. 

ఆమెను అడవి అంచున ఉన్న మండలానికి బదిలీ చేశారు. ఇంక్రిమెంట్లు ఆపారు. ఖరీదైన కానుక పుచ్చుకున్న ఉద్యోగి అని ఆమె పేరు పక్కన రాసిపెట్టారు, కొలువున్నన్నాళ్లు చెరగకుండా. కొత్త డాక్టరు వచ్చిన వారానికే సంతకాలు పడి చెవుల సంచి ఖాళీ అయింది.

తన మాట ఆమెకు ఏం చేసిందో ఓదెలుకు జమాలే చెప్పాడట.

ఒక పొద్దున అతను ఏడీ ఆఫీసుకొచ్చాడు. నేను గది మూలలో అట్టపెట్టె మీద ఉన్నాను. రుమాలు తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. అతని తల బట్టతల అని అప్పటిదాకా నాకు తెలియదు.

"సార్, నేను తప్పు చెప్పిన. గా గొంగడి మూడొందలది గూడ కాదు. ముతకది. పాత ఉన్నిది. పురుగు పట్టింది. గట్లనే రాసుకోండ్రి. ఆ బిడ్డ పేరు మీద రాసింది కొట్టెయ్యిండ్రి."

"విచారణ అయిపోయింది."

"అయితే నా గొంగడి నాకియ్యిండ్రి. మా దాంట్ల లేకున్నా నేను తీస్కపోత."

"కేసులో వస్తువు. ఇవ్వడానికి రూలు లేదు."

"ఇచ్చుడూ తప్పేనాయె, తీస్కునుడూ తప్పేనాయె," అన్నాడు ఓదెలు. ఎవరినీ తిట్టలేదు. వంగి నా అంచు ముట్టుకున్నాడు. తన నేతను తానే ముతకదన్న మనిషి వేళ్లు అవి. 

గుమ్మం దగ్గర జమాల్ ఎదురయ్యాడు. "నువ్వు మూడొందలకు ఊ అంటే ఇడిసిపెడుతుండిరి తాతా."

"నువ్వు ఇన్నది ఇన్నట్టు చెప్తె ఏమవుతుండె?"

"నాది టెంపరరీ నౌకరి," అన్నాడు జమాల్, నేల చూస్తూ.

ఓదెలు మళ్లీ మగ్గం ఎక్కలేదు. మగ్గం గుంటలో బీరవ్వ కోళ్లను గంప కింద కమ్ముతోందని, ఆఫీసుకొచ్చిన మేకలగుట్టవాళ్లు అనుకుంటుంటే విన్నాను.

కొన్నాళ్లకు పాత సామాను వేలం వేశారు. విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన సిరంజి డబ్బాలు, నేను. ధర కట్టడానికి ముగ్గురు కూర్చున్నారు. నన్ను పట్టుకు చూడనైనా లేదు. పాత ఊలు దుప్పటి, యాభై రూపాయలు అని రాశారు. నేరానికి పది వేలు, అమ్మకానికి యాభై. మొదటిదానికి సాక్షిగా, రెండోదానికి అధికారిగా, రెండింటి కిందా ఒకే సంతకం, దామోదరరావుది. ఆయన డ్రైవరు నన్ను పాడుకుని ఆయన ఇంటికే తెచ్చాడు.

దామోదరరావు రిటైరైన నాడు సభ పెట్టారు. నిజాయితీకి మారుపేరన్నారు. పట్టు శాలువలు ఒకదాని మీద ఒకటి కప్పారు. కప్పినవాళ్లలో ఆ దళారి కూడా ఉన్నాడు. వాటి ధర ఎవరూ అడగలేదు. అది సన్మానం.

శాలువలన్నీ బీరువాలో ఉన్నాయి. పట్టుకు మెరుపే గాని వెచ్చదనం లేదు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. చలి మొదలయ్యాక ఏ దుప్పటి కప్పినా వణుకు తగ్గకపోతే ఒకరోజు ఆయన భార్య నన్ను తెచ్చి కప్పింది. వణుకు ఆగింది. అప్పటినుంచి నన్ను వదలడు. "ఏం వెచ్చగా ఉందే," అంటాడు. ఎవరు నేశారో ఆయనకు గుర్తుందో లేదో తెలియదు.

వెచ్చగానే ఉంటాను మరి. ఎవరిని కప్పాలో, ఎవరిని వదలాలో ఉన్నికి చేతకాదు. అడవి అంచున ఆమె ఏ వానలో తడుస్తోందో తెలియదు.

ఓదెలు మాట మాత్రం నాకు గుర్తుంది. కప్పిన గొంగడిని మనిషి పోయాకే తీస్తారు.

ఈయన మోకాళ్ల మీద ఎదురుచూస్తున్నాను.