ఖాళీ ప్లాటు పంచాయితి

సిద్దిపేటంతా అద్దం లెక్కుంటది గని, అమృతమ్మ ఇంటికి, మైమూనా ఇంటికి నడిమిట్ల చెత్తతోని నిండిన ఆ ఖాళీ ప్లాటును మాత్రం ముక్కు మూసుకోకుండ దాటలేం. ఓనరేమో ఎక్కడో మహారాష్ట్రల, భీవండిల ఉంటడు. ఆయనకేం, వాసన మనకు గదా! పోనీ వాసనతోనే ఆగిందా? ముప్పై ఏండ్లు ఒక్క అరుగు మీద కూసోని బీడీలు చుట్టిన ఆడోళ్లిద్దరి నడుమ చిచ్చు పెట్టింది గా చెత్తే. "తెల్లారకముందే కవర్లు పారేసేది గామెనే" అని ఈమె, "కాదు, ఈమెనే" అని ఆమె. ఏడాదాయె, మాటల్లేవు.

మధ్యల నలిగింది అమృతమ్మ కోడలు శైలజ. అత్తమ్మ సగం బువ్వ తిని లేస్తున్నది, ముచ్చట పెట్టెతందుకు మనిషి లేక పప్పుల ఉప్పు దగ్గర్నుంచి అన్నిటికీ వంక పెడుతున్నది. చెత్త పోతే కొట్లాట పోతది, ఆ ఇద్దరు మల్ల మాట్లాడుకుంటరని శైలజ ఆశ. తను పనిచేసే బీమా ఆఫీసుల అందరినీ బతిమిలాడితే ఆదివారం పొద్దుగాల ఎనిమిది మంది దిగిన్రు. ముందల ఓంప్రకాశ్ సారు, ఆఫీసుల సీనియర్. చేతులకు గ్లౌజులు, నెత్తికి టోపీ. పార పట్టకముందే పది నిమిషాలు స్పీచ్ దంచిండు.

"చెత్త పారేసేటోనికి సిగ్గుండాలె సిగ్గు!" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు.

ఇంతల అమృతమ్మ కొంగు నడుముకు చెక్కి దిగింది. అటుదిక్కు నుంచి మైమూనా సుత దిగింది. శైలజ ఎంత సంబురపడ్డదో! ఎందుకు దిగిన్రో తెల్సినంక నెత్తి కొట్టుకున్నది. ఇద్దరికిద్దరు సాక్ష్యం దేవులాడుతున్నరు. ఒక్క కవరు ఇడిసిపెట్టలే. ముడి విప్పుడు, తొంగిచూసుడు.

"రొయ్యల పొట్టు! మా ఇంట్ల రొయ్యలు ముట్టం," అన్నది అమృతమ్మ, గాలికి చెప్పినట్టు.

"కొబ్బరి చిప్పలు! మేం కొబ్బరికాయలు కొడ్తమా?" అన్నది మైమూనా, గోడకు చెప్పినట్టు.

పంతం పాడుగాను, ఎనిమిది మంది ఎత్తినదానికన్న ఆ ముసలోళ్లిద్దరే ఎక్కువ ఎత్తిన్రు. ఆఖరికి ఓ నల్ల కవర్లకెళ్లి మైమూనా కాయితం గుంజింది. అమృతమ్మ ఉరికొచ్చి రెండో అంచు పట్టుకున్నది. దవాఖాన చిట్టీ. సదువుదామంటే ఇద్దరికీ కండ్లద్దాలు లేవు.

"సదువు బిడ్డా, గట్టిగ సదువు. ఇయ్యాల దొంగ దొరకాలె," అని కోడలికిచ్చింది అమృతమ్మ.

శైలజ వెనకముందు చూడకుండ సదివింది. "పేరు ఓంప్రకాశ్. వయసు యాభై రెండు. కడుపుల గ్యాసు..." నోరు మూసుకున్నది గని, అప్పటికే అందరికీ వినపడ్డది.

సారు మొకం మాడిపోయింది. "మా దిక్కు చెత్తబండి లేట్‌గ వస్తదమ్మా... పొద్దుగాల వాకింగ్‌కు పోతపోత..."

"రొయ్యలు?" అన్నది అమృతమ్మ.

"మావే."

"కొబ్బరి చిప్పలు?" అన్నది మైమూనా.

"అవి సుత మావే."

"వారెవ్వా! చెప్పేటియి శ్రీరంగ నీతులు!" అన్నది అమృతమ్మ. ఆఫీసోళ్లు కడుపులు పట్టుకొని నవ్విన్రు. అమృతమ్మ సుత నవ్వి నవ్వి పక్కనున్న మైమూనా భుజం మీద చెయ్యేసింది. వేసినంక యాదికొచ్చి తీయబోయింది. మైమూనా ఆ చెయ్యి పోనియ్యలే.

"నువ్వే అనుకున్ననే," అన్నది అమృతమ్మ.

"నేను గూడ నువ్వే అనుకున్న."

"ఒక్క మాట అడగకపోతివి?"

"నువ్వడిగినవా?"

అమృతమ్మ మెల్లగ అన్నది: "నీ మోకాలు ఆపరేషన్ అయినప్పుడు మీ గేటు దాంక వచ్చి మర్లిపోయిన."

"చూసిన. కిటికిలకెళ్లి చూసిన. పిలిస్తే చులకనైతనని పిలువలే. నువ్వు పోయినంక మస్తు ఏడ్చిన."

ఇద్దరి కండ్లల్ల నీళ్లు. శైలజకు సుత ఆగలే, అటు తిరిగి కొంగుతోని తుడుసుకున్నది.

వెనకకెళ్లి ఓంప్రకాశ్ సారు గొంతు సన్నగ వినపడ్డది. "అమ్మా... ఈ బస్తాలు ఎక్కడ పెట్టాలె?"

ఇద్దరు చేతులు ఇడువకుండనే ఒక్కసారే సారు దిక్కు మర్లిన్రు.

"మీ ఇంట్ల!"