నీడలో దొరికిన కొర్రమీను

దప్పిగొన్నవారి కులమడుగక దోసిలి నింపే నదీమతల్లికి మ్రొక్కి, చంపావతి ఒడ్డున వల విసిరే నూకయ్య కథ చెబుతున్నాను, చెవి యొగ్గండి.

వేట ముగియగానే నూకయ్య వలను వెదురు దండెంపై ఆరవేసేవాడు. ఆ దినం వల తాకిన చేపలన్నిటి నీడలూ వల నీడతో పాటు ఇసుకపై పడేవి. దారిలో ఎవరి చేతిలోనైనా ఒకటి పెట్టి వచ్చాడేమోనని, భార్య గున్నమ్మ ఆ నీడలతో బుట్టను సరిచూసుకొనేది.

ఎగువన మాంగనీసు గని వెలసిన పిమ్మట నీడలు పలుచబడ్డాయి. గని మురుగును నూకయ్య వేటాడే మడుగులోనికి వదలవచ్చునో లేదో తేల్చడానికి చేపల లెక్క మొదలైంది. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయంలో చదువుకొన్న షీబా లెక్క వ్రాస్తుంది. గని తరఫున ఉమాశంకర్ సంతకం చేస్తాడు. వల నూకయ్యది. నాలుగు దినాలలో ఒక్క చేపయినా కొలతకు రాకుంటే మడుగు మురుగుపాలే.

మూడు దినాలు వట్టి వలే వచ్చింది. నాల్గవ ఉదయం, నిండు కడుపుతో ఒక కొర్రమీను పడింది. షీబా టేపు తీసేలోపే నూకయ్య దానిని కన్నులకద్దుకొని నీట విడిచివేశాడు.

"అయ్యో తాతా! ఇంకా కొలవలేదు!"

"తొలి సేప గంగమ్మది గదమ్మా. సెయ్యి దానంతటదే వొదిలీసినాది," అన్నాడు నూకయ్య. అన్నాక ముఖం వెలవెలబోయింది.

గడువు ముగిసే మధ్యాహ్నం దాకా విసిరినా నాచే తగిలింది.

"కడుపుతో ఉన్న సేపని పుట్టింటికంపినావు. నన్ను మూడు కాన్పుల్లో ఒక్కపాలైనా అంపినావేటి?" అంది గున్నమ్మ, కొంగుతో కళ్లొత్తుకొంటూ.

"చేతిలో లేని చేపను ఎలా ఒప్పుకోనండీ?" అని ఉమాశంకర్ తల వంచుకొన్నాడు.

నూకయ్య అలవాటు చొప్పున వలను దండెంపై వేశాడు. ఇసుకపై కొర్రమీను నీడ పరచుకొంది. షీబా మోకాళ్లపై కూర్చుని టేపు ఆనించింది.

"పద్నాలుగంగుళాలు."

"నీడ సాగుతుంది కదండీ," అన్నాడు ఉమాశంకర్.

"మిట్టమజ్జానం ఏటి సాగుతాది బాబూ? నీ నీడే నీ కాళ్ల కిందుంది, సూడు!" అంది గున్నమ్మ.

అతడు చూసుకొన్నాడు. పిదప చేప నీడ వైపు వంగాడు. దాని కడుపులో ఆవగింజలంత నీడలు వేలకొలది కదలాడుతున్నాయి. లెక్కించబోయి మూడు వందల వద్ద తప్పాడు, మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తప్పాడు. చివరకు షీబా చేతి కాగితం అందుకొని, "గుడ్లు పెట్టే మడుగు" అని తానే వ్రాసి సంతకం చేశాడు.

గని కాలువ ఆ మడుగు దిక్కుకు రాలేదు.

ఈ కథ విన్నవారి వలలు నిండుగాక! నిండిన వలలోని తొలి చేపను విడిచే చేయి వారికి ఎన్నటికీ ఉండుగాక!